సంపూర్ణమ్మగారు విన్న చప్పుడు

నాకు నోటిదురుసు ఎక్కువ. పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసేది ఎవరని అడిగితే చంద్రరావు పేరు చెబుతారు. చెప్పి, కాస్త ఓర్చుకోవాలండి అని కూడా అంటారు. ఈ నోటివల్ల పోయిన బేరాలకి నేనెప్పుడూ బెంగపడలేదు. సంపూర్ణమ్మగారి విషయం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడ పెళ్ళిళ్ళలో పాటలు పాడేవారు. బంతి పాటలు, అలక పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతలు. అన్నీ మొగల్తూరులో వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్నవి, ఏ పుస్తకంలోనూ లేనివి. 2002 నాటికి పందిళ్ళలో మైకుసెట్లవాళ్ళు సినిమా పాటలు వేసేస్తుంటే ఆవిణ్ణి పిలిచేవాళ్ళే లేకపోయారు. పోనీ రాసిపెడదామంటే చెయ్యి వణుకు, పెన్ను నిలవదు. కూతురు కౌముది నరసాపురంలో టీచరు. ఆ అమ్మాయి ఇంట్లోకి కంప్యూటర్ కొని, ఏ అక్షరం ఏ మీటలో ఉందో కాగితమ్మీద రాసి గోడకి అంటించింది. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ఒక్క వేలితో పొడుచుకుంటూ నలభై పాటలు ఎక్కించారు. ఇంకా వందకి పైనే తన నోట్లో ఉన్నాయనేవారు.

వేసవి చివర్లో నేను వెళ్ళి ఆ కంప్యూటర్లో ర్యామ్ వేసొచ్చాను. వారం తిరక్కుండా కౌముది ఫోన్ చేసింది. "చంద్రరావుగారూ, పావుగంట నడిచి టప్పున ఆగిపోతోందండి. అమ్మ ఒక అప్పగింతల పాట మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ పోయింది."

వెళ్ళాను. ప్లగ్గు చూశాను, వైరు మార్చాను, యూపీఎస్ తీసేసి నేరుగా కరెంటుకి పెట్టాను. పావుగంటకి మళ్ళీ ఆగింది. అవతల ఇంకా నాలుగిళ్ళు తిరగాలి, భోజనం కూడా చెయ్యలేదు. సీపీయూ డబ్బా వైపు చూస్తే దానికి పసుపు, కుంకుమ బొట్లు, పక్కనే అగరొత్తుల స్టాండు.

"బాబూ, నాకో సంగతి తోస్తోంది," అన్నారు సంపూర్ణమ్మగారు మెల్లగా. "ఇది ఇదివరకు గుంయ్‌మని ఒకటే శ్రుతిలో పలికేది. దాన్ని పట్టుకునే నేను పాట అందుకునేదాన్ని. మీరొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ శ్రుతి లేదు. లోపల ఏదో తిరగడం మానేసింది."

మీరొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ అన్న ముక్కకి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"శ్రుతి చూసుకోడానికి ఇదేం తంబురా కాదండి. ఈ పసుపులూ పొగలూ లోపలికి పోతే ఆగిపోక ఏమవుతుంది? నేను మళ్ళీ వచ్చేదాకా దీన్ని ముట్టుకోకండి. కాలిపోతే నా పూచీ లేదు," అన్నాను.

ఆవిడ కొంగుతో ఆ బొట్లు తుడిచేసి, అగరొత్తుల స్టాండు వంటింట్లోకి తీసుకెళ్ళిపోయారు.

ఎల్లుండి వస్తానన్నవాణ్ణి రెండు నెలలు అటువైపే పోలేదు. కాలేజీలు తెరిచారు, పని మీద పని. కౌముది రెండుసార్లు ఫోన్ చేస్తే రేపూ మాపూ అన్నాను. ఈలోపు నువ్వు పాడమ్మా, నేను నోటుబుక్కులో రాస్తాను అని ఆ అమ్మాయి అడిగిందట. "స్కూల్నించి అలిసిపోయి వస్తావు, నీకెందుకే. అది బాగయ్యాక అన్నీ ఒక్కచోటే ఉంటాయిలే," అన్నారట ఈవిడ. నేను వస్తానని నమ్మారు మరి.

శ్రావణంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆ కబురు బజార్లో తెలిశాక అప్పుడు వెళ్ళాను, స్క్రూడ్రైవరు పట్టుకుని, సిగ్గులేకుండా.

డబ్బా తెరిచాను. నేను ర్యామ్ వేసినప్పుడు పక్కకి తోసిన వైరొకటి ఫ్యాను రెక్కలకి అడ్డంపడి ఉంది. ఫ్యాను తిరగదు, లోపల వేడెక్కిపోతుంది, కాలిపోకుండా మిషను తనంతట తనే ఆగిపోతుంది. పసుపు లోపల చిటికెడు కూడా లేదు. వైరు వెనక్కి లాగి కట్టాను. రెండు నిమిషాల పని.

స్విచ్ వేస్తే గుంయ్‌మంది. మంచమ్మీద ఆవిడ తల ఇటు తిప్పారు. నోరు కదిపారు. మాట రాలేదు గాని, ఆ... అని తీసిన గొంతు ఆ శ్రుతిలో సరిగ్గా కలిసింది. కౌముది గోడ వైపు తిరిగి నిలబడింది.

"మీరు చెప్పిందే నిజం అమ్మగారూ. తప్పు నాది," అన్నాను. నాలుక ఎంత మెత్తగా తిరిగిందో ఆ రోజు.

కౌముది ఆవిణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ ఎడమచెయ్యి మీటల దాకా తెచ్చి, గాల్లోనే ఆపి నావైపు చూశారు. నాకు అర్థం కాలేదు.

"ముట్టుకోవచ్చా అని అడుగుతోందండి," అంది కౌముది.

ముట్టుకోండమ్మా అన్నాను. ఆవిడ ఒక అక్షరం నొక్కారు. రెండోది ఎక్కడుందో గోడమీది కాగితంలో వెతుకుతూ అలాగే ఉండిపోయారు.