ఇంట్లో ఎవరున్నారమ్మా?

మాది నందిగామ. నిజంగా జరిగిన నేరాల మీద వచ్చే పాడ్‌కాస్టులు వింటూ, రెండో భాగానికల్లా దోషిని తేల్చేసి హాయిగా నిద్రపోయే న్యాయమూర్తిని నేను.

మొన్న వేసవిలో అక్క పెళ్లి కార్డులు పంచడానికి చిల్లకల్లులో దూరపు చుట్టాల ఇంటికి వెళ్లాను. గుమ్మంలో ఆడుకుంటున్న పాపకు చాక్లెట్ ఇచ్చి, "ఇంట్లో ఎవరున్నారమ్మా?" అని అడిగాను.

వెనక నుంచి ఎవరో కాలర్ పట్టుకున్నారు. చూస్తే నా ఈడు కుర్రాళ్లు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాట్ ఉంది.

"చాక్లెట్, ఆ ప్రశ్న... పిల్లల్ని ఎత్తుకెళ్లినోడి పాడ్‌కాస్ట్‌లో సేమ్ ఇలాగే మామా!"

"వేళ్లకి ఆ ఎరుపేంట్రా?"

"కుంకుమండి. కార్డులకి పెట్టా." నా గొంతు వణికింది.

"వణుకుతున్నాడు చూడు. వీడే!"

సరిగ్గా ఆ పాయింటు మీదే నేనూ ఎందరికో శిక్షలు వేశాను. బ్యాట్ పైకి లేచింది. ఫోన్‌లో వీడియో తీస్తున్న ఇంకొకడు మాత్రం, "కొంచెం ఎండలోకి జరపండ్రా" అంటున్నాడు.

అప్పుడు పాప నానమ్మ బయటికొచ్చింది. "ఆగండ్రా! ఎవరబ్బాయివి నువ్వు?"

అంతసేపట్లో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. నాన్న పేరు చెప్పాను.

"మనోళ్ల పిల్లాడేరా, వదలండి" అంది. బ్యాట్ దిగింది. వెంటనే నా వైపు తిరిగి, "పెళ్లికి పిలవడానికి ఒక్కడివే వచ్చావా? మీ అమ్మేదీ? మాకు బొట్టు పెట్టి పిలిచేదెవరు?" అంది.

నేరం రుజువైంది.

పాడ్‌కాస్టులు ఇప్పటికీ వింటున్నాను. 'నిందితుడి గొంతు వణికింది' అని వినబడగానే మాత్రం నా చెయ్యి కాలర్ మీదికి పోతుంది.