మిగులు సొమ్ము, పట్టుచీర

రాజ్యం మారిన కొత్తలో మా సూర్యాపేటకు ఒక వార్త వచ్చింది. సర్కారు ఖజానాలో ఖర్చులన్నీ పోను బోలెడు సొమ్ము మిగిలిందట, దానితో పేదరికాన్ని తరిమేస్తారట. ఆ రూపాయలను ఇక్కడి నుంచి మిర్యాలగూడ దాకా పరిచి, ఇంకా మిగిలినవాటితో కోదాడ చుట్టూ గోడ కట్టవచ్చునని మా వాడలో లెక్క తేలింది. తేల్చింది నేనే.

బీదవాళ్లకు గొర్రెలు ఇస్తామన్నారు. మా మేనత్త మంద ఆ ఏడే రోగమొచ్చి చచ్చింది. సర్కారు గొర్రెలు రాకపోతే ఆమె మిర్యాలగూడ అవతలికి నాట్ల కూలికి పోవలసిందే. ఆమె మోకాళ్లు మాత్రం అప్పటికే రాజీనామా ఇచ్చేశాయి.

పేదలను కళ్లారా చూడడానికి అధికారి వస్తున్నాడన్నారు. అంత పెద్దమనిషి ముందు చిరుగుల చీరతో నిలబడడం మర్యాదేనా? ఊరి బట్టలుతికే మామ జాలిపడి, ఉతికిన మూటలన్నీ విప్పి తలా ఒకటి ఎరువిచ్చాడు. పొద్దెక్కేసరికి వాడంతా మహారాజుల పెళ్లికి తరలినట్టుంది. అత్తకు దొరసాని పట్టుచీర దక్కింది.

అధికారి, దొర కలిసి జీపు దిగారు. అధికారిది కోదాడ వైపు, మాట తీరు వేరు. మమ్మల్ని చూసి, తప్పు ఊరికి తెచ్చావా అన్నట్టు డ్రైవరును చూశాడు.

"ఏమ్మా, ఈ చీర నీదేనా?" అని అత్తను అడిగాడు అధికారి.

మామ ముఖం ఆయన ఉతికిన పంచెలకన్నా తెల్లబడింది. ఎరువు తెచ్చిన చీర అని అత్త చెబితే గొర్రెలు వస్తాయి, మామను దొర చింతబరికెతో కొడతాడు. చెప్పకపోతే భయం లేదు, భార్య చీరను గుర్తుపట్టేంత తీరిక దొరకు ఏనాడూ లేదు.

"నాదే అయ్యా," అంది అత్త.

"రోజూ ఇదే కడతావా?"

"పొయ్యికాడ జర పాతది కడత."

"చూశారా! మనం రాకముందే పేదరికం పారిపోయింది," అన్నాడు అధికారి. దొర మెడ విరిగేలా తల ఊపాడు. మిగులు సొమ్ము చిల్లిగవ్వ తగ్గకుండా ఖజానాకు క్షేమంగా చేరింది.

జీపు పోగానే మామ ఏడుపు ముఖంతో వచ్చాడు. "నిజం చెప్తే గొర్లొస్తుండె గదక్కా!"

"వస్తుండె. నీ వీపు తోలు పోతుండె. గా తోలు నేనేం చేసుకోవాలె? ఆగు, సీర ఇప్పి ఇస్త."

మర్నాడు మిర్యాలగూడ పోయే ఎడ్లబండి దగ్గరికి అత్తను తీసుకుపోయాను. బండివాడు నవ్వాడు. "మీ వాడల బీదరికం ఖతమైందంట గదా పెద్దమ్మా?"

"అయితంది బిడ్డా. జర చెయ్యియ్యి, బండెక్కుత."