రేకు డబ్బాలో పోయిన కన్ను

కుప్పంలో రైలుకట్ట పక్కన కంకర కొట్టే బయ్యమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసి, రెండు కళ్లలోనూ పువ్వు వేసింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఎడమచేత్తో రాయిని తడిమి, కుడిచేత్తో సుత్తి వేస్తుంది. ఆ ఎడమచేతికి రెండు గోళ్లు లేవు.

1949లో మొగుడు కదిరప్ప ఆమెను మద్రాసు తీసుకుపోయాడు. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర మాసిపోయిందనీ, దాన్ని కోసి తీసి ఇంకొకరి పొర కుట్టే వైద్యం వచ్చిందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. చచ్చినవాళ్ల కన్నో, తీసేయక తప్పని కన్నో ఒకటి దొరకాలి.

ఇరవై రెండు రోజులు వరండాలో పడుకున్నారు. శవాలకేం కొదవ? ఆసుపత్రి గేటు దాటి రోజూ పోయాయి. కన్ను బూడిదైనా సరే, మట్టైనా సరే, మనిషికి మాత్రం ఇవ్వరు. ఇదీ మన ధర్మం.

ఇరవై మూడోనాడు పుంగనూరు భూస్వామి ముద్దుకృష్ణ భార్య రాజేశ్వరమ్మ వచ్చింది. పాత దెబ్బకు ఒక కంటి చూపు పోయి, ఆగని నొప్పి. ఆ కన్ను తీసేయాలి. పైపొర మాత్రం శుభ్రంగా ఉంది. డాక్టరు అడిగితే ఆమె సంతోషంగా ఒప్పుకుంది.

"ఎట్టాగూ పారేసేదే గదప్పా. పుణ్యమన్నా వస్తాది."

దండం పెట్టడానికి వచ్చిన బయ్యమ్మను ముద్దుకృష్ణ అడిగాడు.

"యావూరు మీది?"

"కుప్పం సామీ."

"కుప్పంలో యాడ?"

కదిరప్ప ఆమె మోచెయ్యి నొక్కాడు. బయ్యమ్మే చెప్పింది. "మాదిగపల్లె సామీ."

రాజేశ్వరమ్మ కాళ్లు ముడుచుకుంది. "నా కన్ను దాని మొగంలో ఉండి గొడ్డుకూర సూస్తాండాల్నా?"

"మీకు కనపడని కన్నే గదమ్మా," అన్నాడు కదిరప్ప.

"అయితే ఏంరా? మాది మా చేన్లోనే పూడ్సుకుంటాం," అన్నాడు ముద్దుకృష్ణ.

వాళ్లు ఒప్పుకోనిదే డాక్టరు ఏమీ చేయలేడు. ఆ సాయంత్రం తీసిన కన్నుకు పసుపు అద్ది, రేకు డబ్బాలో పెట్టి, పాలేరు మునెప్ప చేతికిచ్చి, కుప్పంలో దిగి బస్సులో పుంగనూరు పొమ్మని పొద్దున్నే రైలెక్కించారు. అదే రైలుపెట్టెలో బయ్యమ్మా కదిరప్పా ఊరికి తిరిగిపోతున్నారు. డబ్బాలో ఏముందో మునెప్పే చెప్పాడు.

"నీదేం కులమప్పా?" అని అడిగింది బయ్యమ్మ.

"మీదే."

"మోసేదానికి మన చేతులైతే మైల లేదన్నమాట."

ఆమె డబ్బా అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఎండకు రేకు కాలుతోంది. లోపలి పొర ఇక ఎవరికీ పనికిరాదు.

కుప్పంలో దిగి, డబ్బా అతని చేతికిచ్చింది.

"లోతుగా పూడ్సప్పా. మాదిగపల్లె కుక్కేదైనా తవ్విందంటే మీ దొరసాని మైలబడి తానం జేయాల."