మామగారు మైనం రుద్దిన పడవ

మా మామగారు పడవకు మైనం రుద్దేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ముక్త్యాల రేవులో ఆయన ముప్పై ఏళ్ళు నడిపి, జబ్బుచేసి మానేసిన పడవ అది. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు దానికి కొత్తగా రంగు వేయించి, నేను జగ్గయ్యపేటలో కొనితెచ్చిన తేనెమైనంతో నెలంతా మెరుగు పెట్టారు.

ఒక్కరోజు మాత్రం, "వేదాద్రి తిరనాళ్ళకి జనాన్ని మళ్ళీ నేనే దాటిస్తా అమ్మాయ్," అన్నారు సంబరంగా.

మా ఆయన అప్పటికే దాన్ని నందిగామ ఆసామికి అమ్మేశారు. "మెరుగు పని అయ్యేదాకా నాన్నకి చెప్పకు," అంటే సరేనన్నాను.

కొన్నవాళ్ళు వచ్చి తాడు విప్పుతుంటే మామగారు నావైపు తిరిగారు.

"నీకు ముందే తెలుసా అమ్మా?"



ఆ తర్వాత పదేళ్ళు బతికారు. కొడుకుతో మామూలుగానే మాట్లాడారు. నన్ను మాత్రం ఏనాడూ మంచినీళ్ళు అడగలేదు. ఆయనే లేచివెళ్ళి కుండలో ముంచుకుని తాగేవారు.