గోళ్లు లేని ఎలుగుబంటి

ఈ రోజు మా మిషన్ బడి పండుగకు జెండా కుట్టించే పని నా నెత్తిన పడింది. ఈమధ్యే మా కొండకు వచ్చిన జర్మను దొరసాని పుట్టిన చిన్న ఊరికి సొంత జెండా ఉందట. దాని మీద ఎర్ర గోళ్లతో నిలబడిన నల్ల ఎలుగుబంటి. పండుగకు అదే ఎగరాలని ఆమె కోరిక. కాగితం మీద బొమ్మ గీసిచ్చి, అచ్చం అలాగే రావాలన్నారు.

కుట్టేది సోనాయి. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎలుగుకు అన్నీ ఉన్నాయి, గోళ్లే లేవు.

"గోళ్లేవి సోనాయీ?"

"సచ్చినా కుట్టను మాస్టరుగోరూ. ఇప్పపూలు ఏరతంటే గుడ్డెలుగు మా ఆయన మొకం సీరేసింది. ఆ గోళ్లని జెండాకెక్కిత్తారేటి?"

దొరసానికి చెప్పాను. గోళ్లు లేనిది తమ ఊరి జెండాయే కాదన్నారు. మళ్లీ సోనాయి దగ్గరికి, మళ్లీ దొరసాని బంగళాకి, నాలుగుసార్లు గుట్ట ఎక్కి దిగాను. చివరికి విసుగెత్తి సోనాయినీ ఆమె మొగుణ్నీ బంగళాకే తీసుకెళ్లాను.

దొరసాని అతని చెంప మీది మచ్చలను చాలాసేపు చూశారు. తర్వాత జెండాను తన చేత్తోనే మడిచి, "ఇలాగే ఉండనీ" అన్నారు.

అదేదో మొదటే అంటే నా మోకాళ్లు మిగిలేవి. పైగా, పండుగకు వచ్చే జర్మను దొరలు గోళ్లేవని అడిగితే జవాబు చెప్పాల్సింది కూడా నేనేనట. మీరైతే ఏం చెబుతారు?