మేడమీది మిత్రోవ్‌దన్

తెల్లారితే మిత్రోవ్‌దన్ పండగ. ముందురోజు మధ్యాహ్నం రదోయ్కా మొగుడు రతోమిర్ పొయ్యిమీది సర్మా కుండ మూత తీశాడు. మాంసం చుట్టి ఉడికించిన క్యాబేజీ ఆకుల వాసన ముక్కుకు తగిలిందో లేదో, మూత చేతిలో పట్టుకునే పెరట్లోకి పరిగెత్తాడు. లారీ తోలే ఆరడుగుల మనిషి తిండిని చూసి పారిపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తిరిగొచ్చి గోడ పట్టుకుని నిలబడితే గోడకూ ఆయన మొహానికీ తేడా తెలియలేదు.

"ఏం తిన్నావు?" అంది రదోయ్కా.

"మొన్న బాప్తిజం విందులో అందరూ తిన్నదే."

"మరి ఆ అందరూ ఎలా ఉన్నారు?"

"నాకంటే ముందే మంచం పట్టారట," అన్నాడు రతోమిర్, అదేదో గొప్పలా.

రదోయ్కాకు సంగతి అర్థమైంది. ఆమె బడిలో వంటమనిషి. ఒక పిల్లవాడు కక్కుకుంటే రెండోరోజుకి తరగతి ఖాళీ అవడం ఎన్నో శీతాకాలాలు చూసింది. ఊళ్లోవాళ్లకు ఆమెకంటే ముందు ఆమె దగ్గరి బ్లీచింగ్ నీళ్ల వాసన ఎదురొచ్చేది. పెళ్లినాడు ఉంగరాన్ని కూడా సబ్బుతో కడిగిగానీ వేలికి తొడిగించుకోలేదని చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. వేడినీళ్లతో మాత్రమే కడిగింది.

ఆమె భయం మొగుడి గురించి కాదు. అంత ఒళ్లున్నవాడు రెండురోజులు మూలిగి లేచి కూర్చుంటాడు. భయమంతా మేడమీది మామగారు విదోయె గురించి. ఆయన ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ అత్తగారు స్తామెనాది. నిరుడు ఆపరేషన్ చేసి పెట్టారు. పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా ఆయన రోజూ మింగే మందులు ఒంట్లోని కాపలావాళ్లందరినీ జోకొట్టి పడుకోబెట్టాయి. మిగతావాళ్లకు రెండురోజుల అవస్థ అయిన ఈ రోగం ఆయనకు అంటితే ఒంట్లో నీరంతా పోయి కిడ్నీయే పోవచ్చని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది.

మామూలు రోజైతే తలుపు వేసి కూర్చునేవాళ్లు. కానీ అది ఇంటి వేలుపు పండగ. ఆ పండగకు ఎవరూ ఎవర్నీ పిలవరు, వచ్చేవాళ్లు వస్తారు, అంతే. పిలిస్తే కదా, వద్దని కబురు పెట్టడానికి! గేటు మూశారా, ఆ ఇంటి వంశం ఆరిపోయిందని సాయంత్రానికల్లా ఊరంతా తేల్చేస్తుంది. పైగా ఇంటిపెద్ద పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడాలి. వచ్చిన ప్రతివాడూ ఆయనకు మూడు ముద్దులు పెట్టాలి. ఆ తర్వాత, చక్కెరా అక్రోట్లూ కలిపిన ఉడికించిన గోధుమలను అందరూ ఒకే పళ్లెంలోంచి చెంచాతో తీసుకోవాలి. రోగానికి ఇంతకంటే మంచి విందు ఎవరు చేస్తారు?

రదోయ్కా మెట్లమీద నిలబడి సంగతి చెప్పింది. విదోయె వినిపించుకోలేదు. గుమ్మంలో తనే నిలబడతానన్నాడు. తన తండ్రి కాల్లో తూటా పెట్టుకుని కూడా నిలబడ్డాడన్నాడు.

"ఆయన నిలబడింది ఆయన కాలిమీద," అంది స్తామెనా. "నువ్వు నిలబడేది నా కిడ్నీమీద. నోరు మూసుకో."

అలా సగం గెలుపు దక్కింది. రతోమిర్‌ను సారా కాచే కొట్లోకి తోశారు. పీపాల మధ్య పడుకోబెడితే ఆయన కాదనలేదు. మేడమీది స్నానాలగది మామగారి ఒక్కరికే వదిలేసి, మిగతావాళ్లకు పెరట్లోని పాత మరుగుదొడ్డి తాళం తీశారు. రదోయ్కా ఇల్లంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగింది. ఆమె వెనకే స్తామెనా ప్రతి తలుపు గొళ్లానికీ ప్లమ్ సారా పూస్తూ వచ్చింది. ఈ క్రిమి సారాకు చావదనీ, సబ్బే దిక్కనీ రదోయ్కా చెబితే ఆ ముసలమ్మ జాలిగా చూసింది. ఆ ఊళ్లో సారాకు లొంగని జబ్బు ఉందనడం దేవుడు లేడనడంతో సమానం. గొళ్లాలన్నీ జిగటలాడాయి. రదోయ్కా మళ్లీ మొదటినుంచీ కడిగింది.

పండగనాడు పొద్దున రదోయ్కా చర్చిలో ఫాదరు చేత పండగ రొట్టె కోయించుకొచ్చి, ముంగిట్లో బల్లలు వేసింది. గేటు దగ్గర నీళ్ల బకెట్టు, సబ్బు, తువ్వాళ్లు పెట్టింది. గోధుమలను బడినుంచి తెచ్చిన కాగితపు గిన్నెల్లోకి సర్దింది. మామగారిని మేడమీది బాల్కనీలో నిలబెట్టింది.

అక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఎదురుగాలి, తలుపుల సందుల్లోంచి ఒంటికి తగిలే చల్లగాలి! ఆ ఊరివాళ్ల లెక్కలో క్రిమి చంపినవాణ్ని ఎవరూ కళ్లారా చూడలేదు, ఎదురుగాలి చంపినవాళ్లు మాత్రం శ్మశానం నిండా ఉన్నారు. కాబట్టి స్తామెనా మొగుడికి రెండు స్వెట్టర్లు తొడిగి, బొచ్చుటోపీ పెట్టి, పైన పెళ్లినాటి రజాయి చుట్టి, నడుముకు శాలువా బిగించి కట్టింది. ఒక చేతిలో కొవ్వొత్తి, ఇంకో చేతిలో గ్లాసుతో ఆయన బాల్కనీలో వెలిశాడు.

మొదట వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. చేతులు కడుక్కోమంటే అలిగారు. సారా పోస్తే కడుక్కుంటామన్నారు. సబ్బు వాడనివాళ్లకు సర్మా లేదని రదోయ్కా చెప్పాక కడుక్కున్నారు. పైనుంచి విదోయె గ్లాసెత్తి, ఆరోగ్యంగా ఉండండర్రా అని కేకేశాడు. కింద అందరూ తలలెత్తి చూశారు. ఎత్తున నిలబడి అంత గట్టిగా మాట్లాడే మనిషిని ఆ ఊరు ఒక్కచోటే చూసింది, ఎన్నికల సభలో. వచ్చేనెలే మునిసిపాలిటీ ఎన్నికలు.

"విదోయె నిలబడుతున్నాడట," అన్నారెవరో.

నిలబడే ఉన్నాడు కదా, కాదనడానికి లేదు. ఆ మాట వీధి చివరిదాకా పోయి, జనాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. పండగకు ఎప్పుడూ రానివాళ్లు కూడా కానుకగా కాఫీపొట్లాలు పట్టుకుని వచ్చి, బుద్ధిగా చేతులు కడుక్కున్నారు. మా సందులో దీపం లేదని ఒకావిడ కింద నుంచి మొరపెట్టుకుంది. విదోయె కొవ్వొత్తి కాస్త ముందుకు చాచి కిందికి చూశాడు. జీవితమంతా పెళ్లాం మాట వినడమే తప్ప, తన మాట వినడానికి ఇంతమంది రావడం ఆయనకు ఇదే మొదలు.

"వేయిస్తా," అన్నాడు.

చప్పట్లు మోగాయి. కాసేపటికి కాలువమీద వంతెన కూడా ఇచ్చేశాడు. రదోయ్కా ఆపబోయి ఊరుకుంది. వంతెనలు ఎన్ని కట్టినా పరవాలేదు, మెట్లు దిగకపోతే చాలు.

అప్పుడు కుమ్ జివాదిన్ వచ్చాడు. కుమ్ అంటే ఆ ఇంటి పెళ్లిళ్లకు సాక్షి, ఆ ఇంటి పిల్లలకు పేర్లు పెట్టిన పెద్ద. దేవుడి తర్వాత ఆయనే, కొన్ని ఇళ్లలో ముందు కూడా. బకెట్టు వైపు చూడనైనా చూడకుండా నేరుగా ఇంట్లోకి నడిచాడు. పైన విదోయెకు ఆ గొంతు వినిపించింది. కుమ్‌ను ముంగిట్లో నిలబెట్టడం ఆయనకు చావుకంటే ఎక్కువ. బాల్కనీ వదిలి గది దాటి, తలుపు తీసి, రజాయితో సహా మెట్లపైన ప్రత్యక్షమయ్యాడు. చేతులు చాచాడు. కింద జివాదిన్ కూడా చాచాడు. మధ్యలో రదోయ్కా తుడుపుకర్ర అడ్డం పెట్టి నిలబడింది.

"తప్పుకో అమ్మాయ్," అన్నాడు జివాదిన్. "నాకే రోగమూ లేదు. పొద్దున్నే మూడు గ్లాసులు పట్టించాను, నా లోపల ఈగ కూడా బతకదు. మొన్న బాప్తిజం విందులో మీ ఆయన పక్కనే కూర్చున్నాను, ఆయన పళ్లెంలోదే తిన్నాను. నాకేమైనా అయిందా?"

ఆ మాట వినగానే రదోయ్కా కర్రను ఇంకా గట్టిగా పట్టుకుంది. ముంగిట్లో జనమంతా గుమ్మంలోకి తొంగిచూస్తున్నారు. కుమ్‌ను ఆపిన కోడలి పేరు ఆ ఊరు మనవల దాకా గుర్తుంచుకుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"కుమ్ గారూ," అంది, "మీ మాట నేనెప్పుడూ జవదాటలేదు. మీరు అలిగితే మా మావయ్య తట్టుకుంటాడు. ముద్దు పెడితే తట్టుకోలేడు. ఈ మెట్టు ఎక్కకండి."

"సిగ్గులేదే నీకు?" అన్నాడు విదోయె పైనుంచి, కోడలితో. ఒక మెట్టు దిగాడు.

జివాదిన్ మెట్టుమీద కాలు పెట్టబోయి ఆగాడు. నుదుట చెమట పట్టింది. కళ్లు ఎటో చూశాయి. తెచ్చిన సీసాను జాగ్రత్తగా కిందపెట్టి, వెనక్కి తిరిగి, జనంలోంచి దారి చేసుకుంటూ దొడ్డివైపు పరిగెత్తాడు. దొడ్డిలో రతోమిర్ ఉన్నాడు. జివాదిన్ తలుపు బాదాడు. లోపలినుంచి మూలుగు తప్ప జవాబు లేదు. తర్వాతి సంగతి ఆ ఇంటి ఉల్లిమడికి తెలుసు. జివాదిన్ పెద్దమనిషి కాబట్టి మనం అటు చూడనక్కర్లేదు.

ముంగిట్లో ఒకాయన నెమ్మదిగా లేచి వెళ్లి, ఇందాక కడిగిన చేతులనే మళ్లీ సబ్బుతో రుద్దుకున్నాడు. ఆయన వెనక మిగతావాళ్లు వరస కట్టారు. మెట్లపైన విదోయె చాచిన చేతులు దించాడు. కోడలి వైపు చూశాడు. దిగిన మెట్టు తనే ఎక్కి, లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు.

మర్నాడు జివాదిన్ ఇంట్లో అందరూ మంచం పట్టారు. ఆ సాయంత్రానికి రదోయ్కా కూడా పడింది. ఎంత కడిగినా, మొగుడి బకెట్లు ఎత్తిపోసింది ఆమే కదా. ఈలోపు లేచి కూర్చున్న రతోమిర్ కొట్లో చోటు ఖాళీ చేసి ఇచ్చాడు. పీపాల మధ్య పడుకుని ఆమె ఒక్కటే వింది, మేడమీద నీళ్లచప్పుడు. స్నానాలగదిలో నీళ్లు పారినప్పుడల్లా లెక్కపెట్టుకుని, మామూలుగానే పారాయా, ఎక్కువసార్లు పారాయా అని బెంగపడింది. రెండురోజులు అలాగే గడిచాయి.

మూడోరోజు స్తామెనా కొట్టు గుమ్మం బయట నిలబడి, ముక్కుకు తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. నిన్న డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించిందనీ, అంతా సవ్యంగానే ఉందన్నదనీ చెప్పింది.

"ఆయన తింటున్నాడా అత్తయ్యా?" అంది రదోయ్కా, తల ఎత్తకుండానే.

"తినడమా? పొద్దున్నే సర్మా అడిగాడు. పందికొవ్వు వేసి ఎర్రగా వేయించి పెట్టాను. ఆ కొవ్వులోనే రొట్టె అద్దుకుని—"

రదోయ్కా చెయ్యెత్తి ఆపమంది. ఆనందంతో ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మరుక్షణం బకెట్టు దగ్గరికి లాక్కుంది.