ఆవిడ ఒళ్లో రెండో జాయ్‌స్టిక్

నా భార్య పోయింది. ఆ కబురు అందేసరికి నేను ఆసుపత్రి కింద టీ బంకు దగ్గర ఉన్నాను. "బావా, పైకొచ్చీ" అన్నాడు ఆవిడ తమ్ముడు ఫోన్లో. అతనికీ నాకూ తీసుకున్న టీలు చేతుల్లో ఉన్నాయి. ఏం చేయాలో తెలియక రెండూ పట్టుకునే మెట్లెక్కాను.

ఆవిడ పోర్టులో లెక్కల విభాగంలో పనిచేసింది. నేను స్టీల్ ప్లాంటు. రిటైరయ్యాక ఆవిడ ద్వారకా నగర్‌లో అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి కొనుక్కొచ్చింది. సబ్బు పెట్టెకు కాల్చిన మేకుతో కన్నాలు పెట్టి, దాన్ని అందులో బిగించి, టీవీకి తగిలించింది. సినిమాలూ పాటలూ అందులోంచే చూసేవాళ్లం. సముద్రపు గాలికి వైర్ల కొనలు చిలుం పడితే పెన్సిల్ రబ్బరుతో తుడిచేది.

తర్వాత పాత వీడియో గేముల మీద పడింది. పెళ్లయిన కొత్తలో గోపాలపట్నంలో అద్దెకుండేవాళ్లం. కింది వాటా వాళ్లకు క్యాసెట్ పెట్టి ఆడే గేమ్ ఉండేది. నేను షిఫ్టుకు వెళ్తే ఆవిడ అక్కడికి వెళ్లి ఆడేది. ఆ పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారట. అది నడవడానికి వారాలు పట్టింది. ఓసారి తెర నల్లగా ఉండిపోయేది. ఓసారి బొమ్మ వచ్చేది, శబ్దం వచ్చేది కాదు. తెర మూల కరెంటు చాలట్లేదనే మెరుపు గుర్తు కనిపిస్తే "ఆకలేస్తంది దానికి" అని గట్టి చార్జర్ పెట్టింది. నేను నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చబోతే చేయి పట్టుకునేది. "ఒకటే మార్చండి. అప్పుడే ఏటి తప్పో తెలుస్తాది."

చివరికి అది నడిచిన రోజున గొంతు తగ్గించి చెప్పింది. "గేముకి తెల్దండీ. పాత పెట్టెలోనే ఉన్నాననుకుంటాది. మనం సెప్పకూడదు."

సాయంత్రాలు ఆడేవాళ్లం. చిన్న బొమ్మ మనిషి పరిగెత్తి గుంతలు దూకాలి. పడిపోతే వంతు మారుతుంది. నేను ఆడుతుంటే ఆవిడ రెండో జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టుకు కూర్చునేది. తన వంతు కోసమనుకునేవాణ్ణి. పెద్ద గుంత దాటితే "ఓలమ్మో, దూకీసేరే!" అనేది.

చుట్టాలందరూ వెళ్లాక టీవీ పెట్టాను. ఆట వచ్చింది. పెద్ద గుంతలో పడ్డాను. మళ్లీ పడ్డాను. ఎన్నిసార్లు ఆడినా అక్కడే. బటన్ ఆలస్యంగా పనిచేస్తోందనిపించింది. భయం వేసింది. ఈ ఇంట్లో ఆవిడ పెట్టినది పెట్టినట్టే నడుస్తున్నది అదొక్కటే. అది నా చేతుల్లో పాడవకూడదు. చార్జర్ మార్చాను. తేడా లేదు. వైర్లు తుడిచాను. తేడా లేదు. ఆవిడ తమ్ముణ్ణి పిలిచాను.

అతను మొదటిసారికే గుంత దాటేశాడు.

"మెషిన్‌కేటీ కాలేదు బావా. నువ్వే లేటుగా నొక్కతన్నావ్."

"ఇన్నాళ్లూ దాటేవాణ్ణి."

"నువ్వా?" అని నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. సెట్టింగులు తెరిచి చాలాసేపు చూశాడు.

"ఇదేటి బావా... రెండు జాయ్‌స్టిక్కులూ ఒక్క బొమ్మకే ఇచ్చీసింది అక్క. ఎవులు నొక్కినా అదే దూకుతాది."

"పొరపాటు చేసిందా?"

"అక్కా? పొరపాటా?"

నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాక అర్థమైంది. కాసేపటికి మళ్లీ అర్థం కాకుండా పోయింది. గుంత దగ్గర నా బొటనవేలు నొక్కిన మాట నిజం. నేను దూకాననుకున్న మాటా నిజం. మరి ఆవిడ ఎవరిని మెచ్చుకునేది?

"విడదీసీమంటావా? నిమిషం పని" అన్నాడు.

"వద్దు. ఏదీ మార్చకు."

"పోనీ, నీ పక్కన కూకొని నాను నొక్కనా?"

"వద్దయ్యా."

అతను జాయ్‌స్టిక్ సోఫా మీద పెట్టాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆట పెట్టి, బొమ్మను పెద్ద గుంత అంచుదాకా నడిపించి ఆపుతున్నాను. కాసేపు ఏదీ నొక్కకపోతే అది ఇటు తిరుగుతుంది. మన వైపు చూస్తూ, ఒక కాలితో నేలను తట్టుకుంటూ నిలబడుతుంది.